నాలుగు పది ఇరుసు

బఫెలో, వయోమింగ్
1988 ఏప్రిల్ 4

తమ్ముడు పేయోకి,

నిన్న ఈస్టరు. గొర్రెపిల్ల తొడకి వెల్లుల్లి గుచ్చి కాల్చాను. తినడానికి నేనూ, మన కాపరి ఎలూతెరియో, రెండు కుక్కలూ. ఎలూతెరియోకి పన్ను నొప్పి. అందుకని కుక్కలకే ఎక్కువ దక్కింది. పెరూలో వాళ్లమ్మ పంటి కింద లవంగం పెట్టేదట. మన అమ్మా అదే పెట్టేదని చెప్పి, డబ్బా వెతికి ఒకటి ఇచ్చాను. దానితో అతనికి నొప్పి తగ్గింది, నాకు అమ్మ గుర్తొచ్చింది.

ఫోను చేద్దామంటే నీ చెవులు ముప్పై ఏళ్ల ఇంజన్ల చప్పుడుకే ఖర్చయిపోయాయి. నేను ఇక్కడ అరవడం, మరదలు లవోన్ అది నీకు కాగితం మీద రాసి చూపించడం, ఆ మధ్యలో నా మాట కాస్తా ఆవిడ మాట అయిపోవడం. అంతకంటే ఉత్తరమే నయం.

అసలు సంగతి చెబుతాను. పాత పికప్పు పోయింది. కనుమ ఎక్కుతుంటే సగం దారిలో గేరుపెట్టె పిండి అయిపోయింది. కొత్తది కొనక తప్పదు. ఫ్యాక్టరీ నుంచి తెప్పించుకుంటే ఇంజను ఏది కావాలో, వెనక ఇరుసు గేరు ఏది కావాలో మనమే చెప్పాలట. డీలరు దగ్గర మనిషి నా ముందు పెట్టిన కాగితంలో 3.55, 3.73, 4.10 అని అంకెలున్నాయి. అవేమిటని అడిగాను. అది మీ ఆయన్ని అడగండమ్మా అన్నాడు. మా ఆయన సమాధిలో ఉన్నాడు, మా తమ్ముడు నెబ్రాస్కాలో ఉన్నాడు, ఇద్దరిలో ఎవరు దగ్గరో నువ్వే చెప్పు అన్నాను. పాపం, ఆ కాగితం మడిచి నా చేతిలో పెట్టాడు.

ఈ ఎండాకాలం కాపరి ఉండే మంద బండినీ, ఇంకొంత సామానునూ కొండ మీదికి లాగాలి. ఏ ఇంజను తీసుకోమంటావు? ఏ ఇరుసు? తొందరగా రాయి.

మీ అక్క,
గ్రాసియాన్

*

సిడ్నీ, నెబ్రాస్కా
1988 ఏప్రిల్ 12

అక్కా,

నీ ఉత్తరం షాపులోనే అందింది. దాని మీద గ్రీజు వేలిముద్రలు పడ్డాయి, అందుకని లవోన్ దాన్ని వంటింట్లోకి రానివ్వలేదు.

ఇరుసు గేరు అంటే బ్రహ్మవిద్యేం కాదు. ఇంజను నుంచి వెనక్కి పొడవాటి కడ్డీ ఒకటి వస్తుంది. అది ఎన్ని చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరుగుతుందో ఆ అంకె అన్నమాట. 3.55 అంటే మూడున్నర చుట్లకి ఒకటి. 4.10 అంటే, మేం షాపులో 'నాలుగు పది' అంటాం, నాలుగు చుట్లకి పైన. అంకె పెరిగేకొద్దీ బండికి బలం ఎక్కువ, వేగం తక్కువ, దాహం ఎక్కువ. అంకె తగ్గితే రోడ్డు మీద హాయిగా పోతుంది, పెట్రోలు మిగులుతుంది, కానీ బరువు లాగమంటే మూలుగుతుంది.

మంద బండి అంటావా, దాని బరువెంత? ఒక మంచం, ఒక పొయ్యి, పైన గుడ్డ. మన నాన్న రెండు గుర్రాలకి కట్టి లాగించేవాడు. దానికోసం పెద్ద ఇంజను కొనడం అంటే ఎలుకని పట్టడానికి ఏనుగుని తెచ్చుకోవడమే. చిన్న ఎనిమిది సిలిండర్ల ఇంజను, 3.55 ఇరుసు. అంతే. ఏడాది పొడుగునా నువ్వు తిరిగేది ఊళ్లోకీ, చర్చికీ, దాణా కొట్టుకీ కదా.

ఈ వయసులో నువ్వు ఆ కాగితాల జోలికి పోకు. డీలరుకి నా పేరు చెప్పు, లవోన్ ఫోను చేసి మాట్లాడుతుంది.

ఎలూతెరియో పన్ను పీకించు. లవంగం ఎన్నాళ్లు కాస్తుంది?

పేయో

*

బఫెలో
ఏప్రిల్ 22

పేయోకి,

ఈ వయసులో అని రాశావు. నాకు యాభై ఎనిమిది, నీకు యాభై నాలుగు. నువ్వు పుట్టినప్పుడు నీ ఉయ్యాల ఊపింది నేనే, ఇప్పుడు కావాలన్నా ఊపగలను.

ఒక్క ప్రశ్న అడుగుతాను, ఎందుకని అడక్కుండా జవాబు రాయి. బండి వెనక అయిదు టన్నులు తగిలించి, ఊరి నుంచి కనుమ దాకా ఎక్కాలంటే ఏ ఇంజను కావాలి, ఏ ఇరుసు కావాలి?

పక్క పొలం హార్లన్ స్ట్రౌడ్ తన డీజిలు పికప్పు ఇచ్చి నడిపి చూడమన్నాడు. దాని వెనక అతని ఇల్లంత ట్రెయిలరు ఉంది, అతనూ భార్యా అరిజోనాకి వెళ్లడానికి కొన్నది. ఆవిడ పోయాక అది కదల్లేదు. దాన్ని తగిలించుకుని కనుమ ఎక్కాను. కింద ఉన్నంతసేపూ డీజిలు ఎద్దులా లాగింది. పైకి పోయేకొద్దీ గాలి పలచబడి, నల్లగా పొగ కక్కి, చివరి మలుపుల్లో దగ్గుతూ పాకింది. వెనక సైకిలు తొక్కుతున్న మనిషొకడు మమ్మల్ని దాటి పోతూ టోపీ ఎత్తాడు. హార్లన్ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

అతని ఇరుసు 3.55.

గ్రాసియాన్

*

సిడ్నీ
మే 2

అక్కా,

ఎందుకని అడగొద్దన్నావు. చల్లకొచ్చి ముంత దాచినట్టుంది నీ వరస. కానీ నాకు చెవులే పోయాయి, కళ్లు పోలేదు. అయిదు టన్నులు, ఇల్లంత ట్రెయిలరు, భార్య పోయిన హార్లన్ స్ట్రౌడ్, అరిజోనా. చదివాక లవోన్‌కి చూపించాను. ఆవిడ చప్పట్లు కొట్టి, మంచిదేగా అంది. నేను అనలేకపోయాను.

నీకు తోడు వద్దని నేను ఎప్పుడూ అనలేదు. కానీ మంద ఏమవుతుంది? నాన్న ఈ దేశానికి వచ్చినప్పుడు ఇంగ్లీషు ముక్క రాదు, చేతిలో కర్ర, వెనక ఒకరి గొర్రెలు. జీతానికి బదులు గొర్రెపిల్లలు తీసుకుని, ఈ మందని ఒక్కొక్కటిగా పెంచాడు. నేను ఇంజన్ల వెనక వచ్చేశాను, నువ్వు నిలబడ్డావు. అందరితోనూ మా అక్క కొండ మీద గొర్రెలు కాస్తుందని చెప్పుకుంటాను. ఇప్పుడు అరిజోనాలో కుర్చీలో కూర్చుందని చెప్పాలా?

నీ ప్రశ్నకి జవాబు: ట్రెయిలరు హార్లన్‌ది అయితే, లాగే బండి కూడా హార్లన్‌నే కొనమను. అరిజోనాకి పోవడానికి అతని డీజిలే చాలు. ఆ దారిలో ఎక్కేది ఒక్కసారే, దిగేది ఒక్కసారే.

పేయో

*

బఫెలో
మే 9

ఒరే పేయో,

నీ ఉత్తరం చదివి పొయ్యిలో పడేద్దామనుకున్నాను. మళ్లీ ఆగాను, జవాబు రాయడానికి దాన్ని ఎదురుగా పెట్టుకోవాలి కదా.

హార్లన్‌ని నేను పెళ్లి చేసుకోవడం లేదు. అతను అడగలేదు, అడిగినా అతని చారు తిన్న ఏ ఆడదీ ఒప్పుకోదు. అతను బండి ఇచ్చింది నేను అడిగితే. నేను అడిగింది ఎందుకో నీకు చెప్పకూడదనుకున్నాను. చెబితే మందని అమ్మేయమంటావని భయం. ఇప్పుడు నువ్వే అమ్మొద్దని ఏడుస్తున్నావు కాబట్టి చెబుతాను.

కొండ మీద ఊటలు ఎండిపోయాయి.

శీతాకాలంలో మంచు సరిగా పడలేదు. ఏప్రిల్ నెలాఖరుకి పై మైదానంలో మోకాలి లోతు మంచు ఉండాలి. ఈసారి అడుగులు వేస్తే దుమ్ము లేస్తోంది. నేనూ ఎలూతెరియో గుర్రాల మీద వెళ్లి చూశాం. నాన్న రాళ్లు పేర్చి కట్టిన ఊట తొట్టి అడుగున చచ్చిన ఉడత ఉంది, తడి లేదు. గడ్డి మాత్రం ఉంది. కింద పొలాల్లో అదీ లేదు. అంటే గడ్డి పైన, నీళ్లు కింద. గొర్రెలు రెండూ కావాలంటాయి.

అటవీశాఖ రేంజరు విట్‌లో అని ఒకావిడ వచ్చింది. మర్యాదస్తురాలే. పైన నీళ్లు చూపించలేకపోతే మందని ఎక్కనివ్వనని తేల్చి చెప్పింది. చుట్టుపక్కల వాళ్లందరూ అమ్మేస్తున్నారు. హార్లన్ తన మందని మొత్తం వేలానికి పంపేశాడు. లారీ కదిలాక ఖాళీ దొడ్లో నిలబడి తలుపు గడియ వేసి, తీసి, మళ్లీ వేశాడు. నేను చూడనట్టు ఇంటికి వచ్చేశాను.

నేను అమ్మను. వెయ్యి గాలన్ల ట్యాంకుని ట్రెయిలరు మీద పెట్టించి, రోజూ ఊరి కుళాయి దగ్గర నింపి, కనుమ దాకా లాగి తొట్లలో పోస్తానని రేంజరుకి చెప్పాను. ఆవిడ ఏ బండితో అని అడిగింది. అదీ ఇప్పుడు మన ముందున్న ప్రశ్న.

డీలరు దగ్గర డీజిలు పికప్పు ఒకటి సిద్ధంగా ఉంది, 3.55తో. రేపే తోలుకుపోవచ్చట. నాకు కావలసింది ఫ్యాక్టరీ నుంచి జూన్ ఆఖరుకి వస్తుంది. నాకు ఏది కావాలో హార్లన్ బండిలో ఎక్కుతున్నప్పుడే తెలిసింది. పైన గాలి లేనిచోట కూడా మిగులు ఉండేంత పెద్ద పెట్రోలు ఇంజను, నాలుగు పది ఇరుసు. నేను కాగితాలు చదివి చెప్పడం లేదు. నా పాదం కింద ఆ బండి ఎక్కడ చేతులెత్తేసిందో నాకు తెలుసు. నా లెక్కలో తప్పుంటే చెప్పు. లేకపోతే నోరు మూసుకుని మా మరదలు చెప్పిన పని చేసుకో.

మీ అక్క

*

సిడ్నీ
మే 14

అక్కా,

ముందు ఒక మాట. నా బుద్ధి గడ్డి తింది. లవోన్ నీ ఉత్తరం చదివి, నా నెత్తి మీద దానితోనే కొట్టింది.

ఇప్పుడు పని మాట. నీ ఉత్తరం అందిన రోజున షాపు తలుపు వేసి, గోడ మీద సుద్దముక్కతో లెక్క వేశాను. నీ లెక్కలో తప్పు లేదు. నా లెక్కలోనే ఉంది. నేను ఇరవై ఏళ్లుగా బల్లపరుపు నేల మీద బతుకుతున్నాను. ఇక్కడ పెద్ద ఎత్తు అంటే రైలు వంతెన. కొండ మీద వెయ్యి అడుగులు ఎక్కినప్పుడల్లా ఇంజను బలంలో నూటికి మూడు వంతులు ఆవిరైపోతాయి. నీ కనుమ దగ్గరికి వచ్చేసరికి ఇంజను గుర్రాల బలంలో నాలుగో వంతు దారిలోనే ఆగిపోతుంది. చిన్న ఇంజనుకైతే ఇక మిగిలేది లేదు. పెద్దది పోగొట్టుకున్నా ఇంకా పెద్దదే.

డీజిలుకి ఇంకో లోపం ఉంది, అది నువ్వు ఎక్కేటప్పుడు చూడలేదు. దిగేటప్పుడు కాలు తీసేస్తే పెట్రోలు ఇంజను బండిని వెనక్కి పట్టుకుంటుంది. ఆ డీజిలు అంతగా పట్టుకోదు. ఎక్కడం ఇంజను పని, దిగడం గేరు పని. చాలామంది ఎక్కడం గురించే అడుగుతారు. చచ్చేవాళ్లు మాత్రం దిగేటప్పుడే చస్తారు.

అందుకని నాలుగు పది సరిగ్గా సరిపోతుంది. దానితోపాటు చేతి గేర్ల పెట్టె అడుగు. నాలుగు గేర్లలో మొదటిది ముసలమ్మ నడకంత నెమ్మదిగా ఉండేది. ఆటోమేటిక్ వద్దు. వెనక పక్కకి రెండేసి చక్రాలు. ట్రెయిలరుకి వేరే బ్రేకులు. పెద్ద రేడియేటరు. ట్యాంకు లోపల అడ్డు పలకలు వేయించు, లేకపోతే సగం నిండిన నీళ్లు మలుపు మలుపుకీ నిన్ను వెనకనుంచి తోస్తాయి. ఎప్పుడూ నిండుగా నింపు.

పెట్రోలు మాత్రం పెళ్లిలో తాగుబోతులా తాగుతుంది. దానికి నా దగ్గర మందు లేదు.

నాన్న ఉంటే ఏమనేవాడో తెలియదు. నేను మాత్రం ఇకనుంచి మా అక్క కొండ మీదికి నీళ్లు మోస్తుందని చెప్పుకుంటాను.

పేయో

*

బఫెలో
జూలై 6

పేయో తమ్ముడికి,

మరదలు డీలరుకి ఫోను చేసిందట. మా ఆడపడుచు నాలుగు పది అని సరిగ్గానే రాసిందా, ఒకసారి చూసి చెప్పండి అని అడిగిందట. నాకు అంకెలు రాయడం వచ్చని ఆవిడకి చెప్పు. అలాగే, కోపం లేదని కూడా చెప్పు. ఆ ఫోను వచ్చాక డీలరు మనిషి నన్ను చూస్తే లేచి నిలబడుతున్నాడు.

బండి వచ్చింది. తెల్లది, వెనక నాలుగు చక్రాలతో, బాగా తిని పడుకున్న పొట్టేలులా ఉంది. మొదటి రోజు ట్యాంకు నింపుకుని బయల్దేరాను. ఎలూతెరియో పక్కన కూర్చుని శిలువ గుర్తు వేసుకున్నాడు. ఊరు దాటాక రోడ్డు లేచిన చోట, పాత బండి ప్రాణం విడిచిన మలుపు దగ్గర, స్టీరింగుని రెండు చేతులా పట్టుకున్నాను. రెండో గేరులోకి దించి కాలు నొక్కాను.

పేయో, అది లాగింది. ఎగిరి దూకలేదు, అరవలేదు. తల వంచుకుని, మెడ బిగించి, ఒక్కటే ఊపులో లాగింది. హార్లన్ డీజిలు దగ్గిన చోట నేను ఇంకా కాలు కింద కాస్త మిగుల్చుకునే ఉన్నాను. ఎలూతెరియో ఇంజను వేడి చూపే ముల్లు వంకే చూస్తున్నాడు. కనుమ బోర్డు దాటాక ఆ ముల్లు ఎక్కడుందో చూపించి, తన భాషలో ఏదో అన్నాడు. అర్థం అడిగితే, ఈ ఆడది కొండని తినేస్తుంది అని అర్థమట. నన్ను కాదు, బండినే లే.

నీళ్లు వస్తేనే ఉండనిస్తానని ముందు రోజు మందని ఎక్కనిచ్చిన రేంజరు తొట్ల దగ్గర నిలబడి ఉంది. కవాటం తిప్పాను. ఎండిపోయిన తొట్టిలో నీళ్లు పడ్డ చప్పుడికి గొర్రెలు తలలెత్తాయి. మొదట ముసలివి వచ్చాయి, వెనక తల్లులు, పిల్లలు. ఒకదాన్నొకటి తోసుకుంటూ తాగుతుంటే విట్‌లో తన పుస్తకంలో ఏదో రాసుకుని, సంతకం పెట్టి, అనుమతి కాగితం చింపి నాకు ఇచ్చింది.

ఇప్పుడు రోజూ అదే పని. పొద్దున నింపడం, ఎక్కడం, పోయడం, దిగడం. పది రోజులు కాకముందే మందకి ఇంజను చప్పుడు తెలిసిపోయింది. నేను ఇంకా చెట్ల వెనక ఉండగానే మైదానం అంతా పరిగెత్తుకొస్తుంది. హార్లన్ సాయంత్రాలు కుళాయి దగ్గరికి వచ్చి గొట్టం పట్టుకుంటున్నాడు. మళ్లీ కథలు అల్లకు. చేతిలో పని లేని మనిషి, అంతే.

మీ అక్క

*

సిడ్నీ
ఆగస్టు 18

అక్కా,

నీ పొగ ఇక్కడికి వచ్చింది. అంటే నీది కాదు, పడమటి అడవులన్నిటిదీ. సూర్యుడు రాగి పళ్లెంలా ఉన్నాడు. లవోన్ పత్రిక చదివి, మ్యాపు మీద మంటలున్న చోట్ల వేలు పెట్టి చూపిస్తోంది. ఒక వేలు నీ కొండ పక్కనే పడింది.

ఈ నెల మొదట్లో వచ్చిన ఉత్తరంలో బండి వేడెక్కిందని రాశావు. వేడెక్కితే కొండ ఎక్కడం మానేసి ఆపాలి. రేడియేటరు మూత వేడి మీద తెరవకు.

మంద సంగతి నేను చెప్పను. నీ సంగతి చెబుతాను. పొగ దగ్గరికి వస్తే దిగిపో. గొర్రెలు మళ్లీ పుడతాయి.

పేయో

*

బఫెలో
సెప్టెంబరు 3

పేయోకి,

వేడెక్కింది బండి కాదురా, నేను. చెరిపి రాశాను, నువ్వు తప్పు చదివావు. ఆ రోజు ఎండకి నాకు కళ్లు తిరిగితే ఎలూతెరియో తల మీద బకెట్టు కుమ్మరించాడు. బండి ఎప్పుడూ వేడెక్కలేదు.

ఇప్పుడు రాసేది కూర్చుని చదువు.

పోయిన శుక్రవారం పొద్దున పిడుగు పడి ఉత్తరం వైపు గట్టు అంటుకుంది. నేను నిండు ట్యాంకుతో పైకి చేరేసరికి పొగ పక్క లోయలో ఉంది. మనం ఏటా మందని దించే గొర్రెల దారి ఆ లోయలోంచే పోతుంది. అది మూసుకుపోయింది. మిగిలింది మట్టి రోడ్డు, నేను రోజూ ఎక్కే రోడ్డు. ఒక పక్క కొండ, ఒక పక్క అగాధం. గొర్రెలు దాని మీద ఎప్పుడూ దిగలేదు. పొగ వాసనకి అప్పటికే గుంపులు గుంపులుగా చీలి, ఒక్కో గుంపు ఒక్కో దిక్కుకి ముఖం పెట్టింది. కుక్కలు ఒకదాన్ని కూర్చేలోగా రెండోది చెదిరిపోతోంది.

రేంజరు జీపులో వచ్చి, నీళ్లు వదిలేయమంది. బండి తేలికవుతుంది, మీరిద్దరూ వెంటనే దిగిపోండి అంది. ఆవిడ తప్పు లేదు. మనుషుల బాధ్యత ఆవిడది.

"నేను ముందు పరిగెడితే మంద ఎవరి వెనక వస్తుంది?" అన్నాను.

"ఏ మందా బండి వెనక రాదు, మేడమ్" అంది.

"ఈ మంద వస్తుంది."

ఎలూతెరియోని వెనక నిలబెట్టాను, గుర్రం మీద, కుక్కలతో. ఇంజను స్టార్టు చేశాను. తలలు లేచాయి. బండిని రోడ్డు మొదట్లోకి తిప్పి, కవాటం కొంచెం వదులు చేశాను. నీళ్లు సన్నగా మట్టిలో కారుతున్నాయి. మెడలో గంట ఉన్న ముసలి గొర్రె ముందుకొచ్చి ఆ తడిని నాకింది. దాని వెనక పది, వాటి వెనక నూరు. చీలిపోయిన గుంపులన్నీ చెట్లలోంచి వచ్చి కలిశాయి.

నువ్వు ముసలమ్మ నడక గేరు అన్నావే, దానిలో వేశాను. బ్రేకు మీంచి కాలు తీసేశాను. అయిదు టన్నులు వెనకనుంచి తోస్తుంటే ఆ నాలుగు పది ఇరుసు బండిని జుట్టు పట్టి ఆపినట్టు ఆపింది. గొర్రె నడక ఎంతో, సరిగ్గా అంత. 3.55 అయితే మంద కంటే ముందుకు పోయేది, మలుపు మలుపుకీ బ్రేకు తొక్కేదాన్ని, సగం దారిలో అవి కాలిపోయేవి. నేను అద్దంలో చూస్తూనే ఉన్నాను. రోడ్డు నిండా ఉన్ని. అంచు వైపు ఒక్క గొర్రె కూడా పోలేదు. వాటి కళ్లు నా ట్యాంకు మీదే.

సగం దిగాక గాలి తిరిగింది. నిప్పు రవ్వలు మా తల మీంచి ఎగిరి ముందున్న గడ్డిలో పడ్డాయి. మంట రోడ్డు అంచుకి వచ్చింది. బండి ఆపాను. మంద ఆగితే వెనక్కి తిరుగుతుందని భయం. మాకు ముందు పోతున్న రేంజరు జీపు దిగి పరిగెత్తుకొచ్చి, అడక్కుండానే గొట్టం లాగింది. నేను కవాటం పూర్తిగా తెరిచాను. ఆవిడ గడ్డి మీద, బండ మీద, చివరికి నా బూట్ల మీద కూడా నీళ్లు కొట్టింది. ఆవిరి లేచింది. మంట చచ్చింది. తడిసిన రోడ్డు మీద మంద మమ్మల్ని ఒరుసుకుంటూ నిలబడి బూడిద నీళ్లు తాగింది.

"నీళ్లు వదిలేయమన్నది నేనే కదూ" అంది విట్‌లో, ముఖం తుడుచుకుంటూ.

నేను కవాటం బిగించాను. బండి ఎక్కాను.

కుంటి గొర్రె ఒకటి నడవలేకపోతే పక్క సీట్లో కూర్చోబెట్టుకున్నాను. అది దారి పొడుగునా నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. ఎండ వాలేసరికి అడుగున తారు రోడ్డు కలిసేచోటికి వచ్చాం. సగం ఊరు అక్కడే ఉంది. మంటలార్పేవాళ్లు, మందలు అమ్ముకున్నవాళ్లు, చర్చివాళ్లు. పొగలోంచి ముందు నా తెల్ల బండి, అది కూడా అప్పటికి నల్లబడింది, వెనక మంద, చివర గుర్రం మీద ఎలూతెరియో బయటికి రావడం చూస్తూ దారి వదిలి నిలబడ్డారు. హార్లన్ తన పొలం కంచె తెరిచి పెట్టాడు. మంద మొత్తం లోపలికి పోయేదాకా తలుపు పట్టుకునే ఉన్నాడు. తర్వాత గడియ వేసి, దాని మీద చెయ్యి ఉంచి, ఈ ఏడాది పుట్టిన ఆడ గొర్రెపిల్లల్ని నాకు అమ్ముతావా గ్రాసియాన్ అని అడిగాడు. మళ్లీ మొదలుపెడతాడట. అమ్ముతానన్నాను.

ఒక్కటి కూడా పోలేదు, పేయో. మన నాన్న మంద ఒక్కటి కూడా పోలేదు.

ఇంటికొచ్చి చిక్కుడుగింజల కూర వేడి చేసుకుని, నేనూ ఎలూతెరియోనూ గిన్నెలోంచే తిన్నాం. తోలు సంచీలో ఉన్న ద్రాక్షసారా అయిపోయింది. వచ్చేటప్పుడు తీసుకురా. ఎందుకంటే నువ్వు వస్తున్నావు.

మీ అక్క

*

సిడ్నీ
సెప్టెంబరు 10

అక్కా,

నీ ఉత్తరం నిన్న వచ్చింది. కూర్చుని చదవమన్నావు. కూర్చోలేకపోయాను. షాపు మధ్యలో, ఎవరిదో ట్రాక్టరు ఇంజను విప్పి ఉండగా, నిలబడే చదివాను. మొదట లోపలే చదువుకుంటున్నాననుకున్నాను. మంద బండి వెనక వచ్చిందన్న చోట నా గొంతు బయటికి వచ్చిందట. అది ఎంత పెద్దగా ఉందో నాకెలా తెలుస్తుంది? లవోన్ ఇంట్లోంచి పరిగెత్తుకొచ్చింది, ఎవరికో చెయ్యి నలిగిందనుకుని. వచ్చి, ఆపమని సైగ చెయ్యబోయి, తనే ఆగిపోయి గుమ్మంలో నిలబడి వింది.

నేను తల ఎత్తలేదు. ఎత్తితే అక్షరాలు కనపడవేమోనని భయం, కళ్లు అలా ఉన్నాయి. జుట్టు పట్టి ఆపినట్టు ఆపింది అన్న వాక్యం రెండుసార్లు చదివాను. నిప్పు రవ్వల దగ్గర ఊపిరి పీల్చుకున్నాను. ఒక్కటి కూడా పోలేదు అన్నది ఎన్నిసార్లు చదివానో లవోన్‌ని అడగాలి.

వచ్చే శనివారం బయల్దేరుతున్నాం. నా దగ్గరున్న తోలు సంచీలో ద్రాక్షసారా నింపాను. ఆ కనుమ మీదికి ఒకసారి నన్ను నడపనియ్యి, పక్కన నువ్వు కూర్చుని ఎక్కడ గేరు మార్చాలో చెప్పు.

ఉత్తరం మడిచి జేబులో పెట్టుకుని తల ఎత్తేసరికి షాపు నిండా జనం ఉన్నారు. మా పనివాళ్లు, ట్రాక్టరు యజమాని, రోడ్డుకి అవతల ధాన్యం గిడ్డంగి వాళ్లు కూడా, తలుపు దగ్గర గుంపుగా. అందరూ చప్పట్లు కొడుతున్నారు. నాకు చప్పుడు వినపడలేదక్కా. ఆ గ్రీజు చేతులన్నీ ఒక్కసారి కదలడం మాత్రం చూశాను.

పేయో